పచ్చ మూత

కూల్‌డ్రింకు సీసా మీద కాగితం ఒక్క లాగుడుకే ఊడొస్తుంది. దాని వెనక జిగురే వదలదు. కొబ్బరినూనె రాసి, కాసేపు ఎండలో ఉంచి, పీచుతో రుద్దాలి. పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని నాగవేణి ఆ పనే చేస్తోంది. సీసాల్ని ఆమె భర్త గౌరీశంకర్ పాత సామాన్లు కొనేవాడి దగ్గర గోనెసంచితో తెచ్చి పడేస్తాడు. ఆమె కడిగి, ఆరబెట్టి, మూతలు బిగిస్తే తీసుకుపోతాడు. చోడవరంలో వడ్డాది రోడ్డు మీద వాళ్ళకి పురుగుమందుల కొట్టుంది. లీటరు డబ్బా కొనలేని రైతు పావు లీటరు అడుగుతాడు. కంపెనీ సీలు విప్పి మందుని వేరే సీసాలో పోసి అమ్మకూడదని రూలు. గౌరీశంకర్ గరాటు పెట్టి పోస్తాడు.

రూళ్ళన్నిటిలో అతను తప్పకుండా పాటించింది ఒక్కటే. లైసెన్సు అందరికీ కనబడేలా గోడకి తగిలించాలి. తగిలించాడు. అది నాగవేణి పేరు మీద ఉంది. మందులు అమ్మాలంటే వాటి సంగతి చదువుకున్నవాళ్ళు ఉండాలన్నారు. గౌరీశంకర్ ఇంటర్ తప్పాడు, నాగవేణి కెమిస్ట్రీతో బీయస్సీ పాసయింది. పెళ్ళిచూపుల్లో అతను ఆమె మొహం కంటే మార్కుల లిస్టు ఎక్కువసేపు చూశాడు. చదువుకి విలువిచ్చే మనిషి దొరికాడని ఆ రోజు ఆమె మురిసిపోయింది. ఇప్పుడా చదువు లైసెన్సై కొట్టు గోడ మీద అద్దం వెనక ఉంది. దాని మూలన రెండు జడలు వేసుకున్న ఆమె ఫొటో. ఆ ఫొటో రోజూ కొట్లో కూర్చుంటుంది. ఊదొత్తుల పొగ పీలుస్తుంది, రైతుల మాటలు వింటుంది, వానలెప్పుడో పురుగెప్పుడో తెలుసుకుంటుంది. ఆమె మాత్రం కొట్టు గడప తొక్కలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, "నేనూ వచ్చి కూర్చోనా? డబ్బాల మీద రాసింది వాళ్ళకి చదివి చెప్తాను" అంది. అత్త మంగాయమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తింది. "కొట్లో ఆడమనిసి కూకుంటే రైతులు మందుకొస్తారా, బొమ్మ సూడ్డానికొస్తారా?" గౌరీశంకర్ పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులో నాగవేణి కూడా కలిసి నవ్వింది. తనమీద తనే నవ్వుకోవడం అంత సులువుగా ఎలా వచ్చిందా అని తర్వాత చాలాసార్లు ఆలోచించింది. అవమానం అలవాటైతే మనిషి దాన్ని సరదా అనుకుంటుంది కాబోలు. లేకపోతే బతకడం ఎలా?

ఫోను మోగింది. చేతులు తుడుచుకునేసరికి ఆగిపోయి మళ్ళీ మోగింది.

"ఏటే, ఫోనెత్తడానికి ముహూర్తం సూస్తన్నావా?" కొట్టు నుంచి గౌరీశంకర్ కసిరాడు. "వడ్డాది పక్క పరదేశని ఒకడున్నాడు. ఆడి పెళ్ళాం చిన్నమ్మి మన మందు తాగేసిందట. సావడానికి కాదు, దాహానికి. చెరకుతోటలో గట్టు మీద సీసా ఉంటే కూల్‌డ్రింకనుకుందట. అనకాపల్లి ఆస్పత్రిలో ఏసేరు. వ్యవసాయం ఆఫీసరు వస్తన్నాడు. నువ్వు బేగి వచ్చి కుర్సీలో కూకో."

"బతికే ఉందా?"

"ఉందిలే. ముందు నువ్వు రా."

"ఏ సీసా?"

"సీసా గోల నీకెందుకే! నారింజ డ్రింకు సీసా, పచ్చ మూత."

ఫోను పెట్టేసి నాగవేణి పీట మీదే కూర్చుండిపోయింది. ఆ సీసా ఆమెకు గుర్తుంది. దాని మూత పోయింది. మూతల డబ్బా అంతా గాలిస్తే ఇంకేదో డ్రింకుది, పచ్చది, సరిగ్గా పట్టింది. తలకిందులు చేసి చూసింది, చుక్క కారలేదు. గౌరీశంకర్ చూసి, "ఇలాటియి నువ్వు బాగా సేస్తావే" అన్నాడు. ఆ ఇంట్లో ఆమెకు దొరికిన మెచ్చుకోలు అదొక్కటే. రోజంతా దాన్ని మనసులో పెట్టుకుని తిరిగింది. ఒక ఆడది దాహంతో గట్టు మీదికొచ్చి, తను మురిపెంగా బిగించిన ఆ మూతని తిప్పి ఉంటుంది. తను కాగితం వదిలించింది. మందు డబ్బా మీద ఎర్ర రంగు గుర్తుంటుంది, పుర్రె బొమ్మ ఉంటుంది. చదువు రాకపోయినా చావని తెలుస్తుంది. తను అద్దంలా కడిగిన సీసా మీద ఏముంది?

కొడుకు ఆమెకీ ఫోను చేసినట్టున్నాడు, మంగాయమ్మ గదిలోంచి చీర పట్టుకొచ్చింది. ఎప్పుడూ వినని మెత్తని గొంతు. "ఇది కట్టుకోమ్మా. ఆఫీసరు ముందు దర్జాగా ఉండాల. నీ సదువే కదా మాకింత అన్నం పెడతంది."

నాగవేణి చీర అందుకోలేదు. కొబ్బరినూనె మరకల చీరతోనే ఆటో ఎక్కింది.

కొట్లో ఘాటు వాసన ముక్కుకి తగిలింది. అది ఆమెకు కొత్త కాదు. రోజూ భర్త చొక్కాలు ఉతికేటప్పుడు వచ్చేదే. గౌరీశంకర్ ఆమెను భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టి చెవి దగ్గర గొణిగాడు. "రోజూ నువ్వే కూకుంటన్నావని సెప్పు. సీలు డబ్బాయే ఇచ్చేనని సెప్పు. పరదేశి ఇంటికెళ్ళి సీసాలో పోసుకున్నాడు, అంతే. ఆడికి సదువా, సాక్ష్యమా? నువ్వు ఆడదానివి, నిన్ను గట్టిగా అడగరు. లైసెన్సు పోతే అందరం రోడ్డున పడతాం, గుర్తెట్టుకో."

ఆ 'అందరం'లో తను కూడా ఉందని అతని నోటి వెంట వినడం ఇదే మొదలు.

ఆఫీసరు జీపు దిగాడు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో సీసా. పచ్చ మూత. వెనకే పరదేశి. లుంగీ మీద బురద ఇంకా ఆరలేదు.

"పావు లీటరడిగేను బాబూ," అన్నాడు పరదేశి. "ఆ బాబే గరాటెట్టి పోసేడు."

"ఒరే, ఎవుడ్రా పోసింది? పెళ్ళాన్ని జాగ్రత్తగా సూసుకోలేవు గానీ, నా మీద పడతన్నావా!"

పరదేశి గోడ మీది ఫొటో వైపు, కుర్చీలో ఉన్న నాగవేణి వైపు మార్చి మార్చి చూశాడు. "ఈయమ్మ ఆయమ్మేనా? బొమ్మే సూసేను గానీ, మనిసినెప్పుడూ సూణ్ణేదు బాబూ."

ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు. "లైసెన్సు మీ పేరు మీదే ఉందమ్మా. అమ్మింది మీరేనా? ఈ సీసా ఎక్కడిది?"

గౌరీశంకర్ ఆమె వెనక నిలబడి కుర్చీ వీపు పట్టుకున్నాడు. అతని వేళ్ళు ఆమె భుజానికి తగులుతున్నాయి. అబద్ధం చాలా చిన్నది. ఒక్క మాటతో అయిపోతుంది. ఇన్నాళ్ళూ మాట్లాడకుండా చెప్పినదాన్ని ఇవాళ నోటితో చెప్పాలి, అంతే. చెబితే సాయంత్రం ఇంట్లో కాఫీ ఇస్తారు, రేపు మళ్ళీ గోనెసంచి తెస్తారు. తప్పు పరదేశిదవుతుంది, చిన్నమ్మి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక చూసుకోకుండా తాగినందుకు తిట్లు తింటూ బతుకుతుంది.

"షాపులో కూర్చోవడం నాకు ఇదే మొదటిసారి సార్," అంది నాగవేణి. "సీసా మా ఇంటిదే. మందు పోసింది ఈయన."

భుజం మీది వేళ్ళు బిగుసుకున్నాయి. "ఒసే, మతి పోయిందేటే నీకు?"

ఆఫీసరు గొంతు తగ్గించాడు. "ఆలోచించుకోండమ్మా. లైసెన్సు మీది కాబట్టి కేసు మీ మీద కూడా అవుతుంది."

ఆమె కుర్చీలోంచి లేవలేదు. కవరులోని సీసా వైపు చూసింది. కాగితం ఎంత శుభ్రంగా వదిలిందో!

"అవనివ్వండి సార్. సీసా కడిగి, మూత పెట్టింది నేనని రాసుకోండి. ఆ లైసెన్సు మీద నేను చేసిన పని అదొక్కటే."