తోమిన రాజులు

అచ్చాఫీసులో ముప్ఫై నాలుగేళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి ఆయన. వీధిలో అందరికీ ప్రూఫుల మాస్టారు. కళ్లు దెబ్బతిన్నది అచ్చుతప్పులు ఏరీ ఏరీ అని ఆయన, కాదు ఆ చిల్లర పిచ్చి వల్లేనని భార్య, ఆమె పోయేదాకా వాదించుకుంటూనే ఉన్నారు. చిల్లరంటే మామూలు చిల్లర కాదు. మూడు నాలుగు వందల ఏళ్లనాటి యూరప్ వెండి నాణేలు. రాజులు, రాణులు, చక్రవర్తులు కలిపి నూట పన్నెండు మంది, కిటికీ పక్క బీరువా సొరుగులో, ఒక్కో గుంటలో ఒక్కొక్కరు చొప్పున పడుకుని ఉంటారు.

కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని, ఆస్పత్రికి దగ్గరని అక్కగారింట్లో పది రోజులుండి, ఒక ఉదయం ఇల్లు చేరాడు. కొడుకు అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. కోడలు ఎదురొచ్చి సంచి అందుకుంది. ఆ పిల్ల ఇంటికొచ్చి ఇంకా ఏడాది నిండలేదు. మామూలుగా ఆచితూచి మాట్లాడే మనిషి, ఆ రోజు మాత్రం కాలు నిలవనట్టు తిరుగుతోంది. ఆయన కాఫీ సగం తాగాడో లేదో, "మామయ్యగారూ, ఒకసారి మీ సొరుగు తెరిచి చూడండి" అంది.

తెరిచాడు. లోపల రాజులందరూ కొత్త స్టీలు గ్లాసుల్లా తళతళలాడుతున్నారు.

పాత వెండి మీద ఏళ్ల తరబడి ఒక నల్లటి పొర కడుతుంది. నాణేలు పోగుచేసేవాళ్లకు అదే ప్రాణం. ఒకసారి రుద్దేస్తే మళ్లీ రాదు, వెల సగానికి సగం పడిపోతుంది. ఈ సంగతి ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సొరుగు జోలికి ఎవరైనా వస్తారని అనుకుంటేగా. గిన్నెలు తోమే పొడి, పాత టూత్‌బ్రష్ పెట్టుకుని నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నానని, కొత్త కన్నుతో మొట్టమొదట చూసేటప్పుడు వాళ్లందరూ స్పష్టంగా కనబడాలనుకున్నానని కోడలు చెబుతోంది. 

"బాగా కనబడుతున్నారమ్మా," అన్నాడు.

కన్ను నీరు కారుతోందని వెళ్లి పడుకున్నాడు. రెండు రోజులు సొరుగు వంక చూడలేదు.

మూడోరోజు పోస్టుమాస్టరు వచ్చాడు. ఈయనకు నాణేల జబ్బు అంటించింది ఆయనే. మనసు వెన్నే గానీ నోటికి బ్రేకులుండవు. స్నేహితుడి కన్ను చూడ్డానికొచ్చినవాడు కన్ను సంగతి వదిలేసి నాణేలేవీ అన్నాడు. ఈయన ఏదో సర్దిచెప్పబోయేంతలో కోడలు సంబరంగా సొరుగుకు సొరుగే లాగి పట్టుకొచ్చి బల్లమీద పెట్టింది.

"ఇంత ఘోరం ఎవడు చేశాడయ్యా? మొత్తం పాడుచేశాడు గదా," అన్నాడు పోస్టుమాస్టరు.

తలెత్తి, కోడలి ముఖం చూసి, నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆ అమ్మాయి కాఫీ కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు. సాయంత్రం మొగుడు వచ్చి ఏమైందని అడిగితే తలనొప్పి అంది.

మర్నాడు కొడుకు వెళ్లాక మాస్టారు హాల్లోకి వచ్చేసరికి ఆమె నాణేల ముందు కూర్చుని సెల్‌ఫోనులో ఏదో వెతుకుతోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. వెండిని నల్లబరిచే మందు ఒకటుందట, తెప్పించి ఎప్పటిలా చేసేస్తానంది. ఆయన వద్దని, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాకు ఎందుకు చెప్పలేదు మామయ్యగారూ?"

"నాలుగు మధ్యాహ్నాలు నా కోసం కూర్చున్నావు. ఏమని చెప్పను?"

"కోపం రాలేదా?"

అబద్ధం ఆడదామనుకున్నాడు, నోరు రాలేదు. "వచ్చింది. రెండ్రోజులు గోడవైపు తిరిగి పడుకున్నది కంటినొప్పితో కాదు. ఇప్పుడు లేదులే."

ఆమె కళ్లు తుడుచుకుంది. కాసేపటికి ఒక నాణెం ఆయన ముందుకు జరిపి, బ్రష్ గట్టిగా తగిలి దీని మీద అక్షరం కూడా గీసుకుపోయిందేమో చూడమంది. అది ఇంగ్లండు రాజు విలియముది. లాటిన్‌లో చెక్కిన పేరులో ఇంగ్లిషు ‘వి’ అక్షరం మధ్య అడ్డంగా సన్నటి గీత ఉంది. మాస్టారు భూతద్దం తెచ్చాడు. వెలుతురులోకి తిప్పాడు, మళ్లీ తిప్పాడు. అది గీసుకుపోవడం కాదు. టంకశాలవాడు ‘వి’ బదులు ‘ఏ’ ముద్ర తీసుకుని తలకిందులుగా కొట్టాడు. ఇరవై ఒక్కేళ్లుగా ఆ నాణెం ఆయన దగ్గరే ఉంది. నలుపు చాటున ఆ తప్పు ఏనాడూ కంటబడలేదు. అచ్చుతప్పులు పట్టడమే బతుకైన మనిషి పగలబడి నవ్వాడు. కోడలు బిత్తరపోయి చూసి, సంగతి తెలిశాక తనూ నవ్వింది.

పక్క గుంటలోని నాణెం మీద అదే రాజు రాణితో కలిసి ఉన్నాడు, రెండు ముఖాలూ ఒకదాని వెంట ఒకటి. ఇందులో రాణిగారేరీ అని ఆమె అడిగింది. ఆమె పేరు మేరీ అనీ, ఇద్దరూ కలిసి సింహాసనమెక్కారనీ, మశూచి సోకి ఆమె పోయిందనీ, తర్వాత కొట్టిన నాణేల మీద ఆయనొక్కడే మిగిలాడనీ మాస్టారు చెప్పాడు.

"రాణిగారు పోయాక సరిచూసేవాళ్లు లేకపోయి ఉంటారు," అంది కోడలు.

 ఆయన ఆమె చేతికి భూతద్దం ఇచ్చి, మిగతావాళ్లను కూడా చూడమన్నాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ అన్నం సంగతే మరిచిపోయారు. ఐదేళ్లు నిండకుండానే రాజై, డెబ్భై రెండేళ్లు ఏలిన ఫ్రెంచి లూయీ ముందు పసిబుగ్గలతో, ఆపై పెద్ద జుట్టుతో, చివరికి జారిన చెంపలతో వరసగా కనబడుతుంటే, ఒక్క మనిషేనా అని ఆమె మూడుసార్లు అడిగింది.

నెల తిరిగాక నాణేల సంఘం ప్రదర్శనకు మాస్టారు ఆ మెరిసే రాజులనే పట్టుకెళ్లాడు. ఒకరిద్దరు మూతి విరిచారు. "మా కోడలు తోమింది," అని చెప్పి, పక్కనే నిలబడ్డ అమ్మాయిని చూపించాడు. పోస్టుమాస్టరు తన నాణేలు తెచ్చి, తప్పులేమైనా ఉన్నాయేమో చూసిపెట్టమ్మా అని ఆమె ముందు పోశాడు. క్షమించమనడం చేతకాని మనిషి, అలా అడిగాడు.

వచ్చేటప్పుడు మాస్టారు మసిబారిన ఒక రాగి నాణెం కొని ఆమె చేతిలో పెట్టాడు. ముఖం లేదు. కిరీటాలూ, ఒకదాని మీద ఒకటి వేసిన రెండు బాణాలూ ఉన్నాయంతే. ఎవరిదో నువ్వే కనుక్కో అన్నాడు.

నాలుగో రోజు పొద్దున ఆమె గరిటె చేత్తో పట్టుకునే హాల్లోకి వచ్చింది. స్వీడన్ రాణి క్రిస్టినాదట. కిరీటం తనంతట తనే తీసి పక్కన పెట్టేసి, దేశం విడిచి వెళ్లిపోయిందట.

మాస్టారు ఆ కథ నలభై ఏళ్ల కిందటే చదివాడు. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"అలాగా," అన్నాడు. "తర్వాతేమైంది?"