ఒక ఆధారం తక్కువ

సెలవులకి ముందురోజు లెక్కల టీచరు బోర్డు మీద గళ్లు గీస్తుంది. నిలువుగా మనుషులు, అడ్డంగా చోట్లు, పక్కన ఆధారాలు. పిల్లలు ఒక్కో ఆధారం చదివి, కుదరని గడిలో ఇంటూ, కుదిరిన గడిలో టిక్కు పెట్టుకుంటూ పోవాలి. ఒక మనిషికి ఒకే చోటు, ఒక చోటుకి ఒకే మనిషి. ఊహించి పెట్టకూడదు. చివరికి బోర్డు మీద ఎలా తేలితే, సెలవుల్లో ఆ మనుషులు అక్కడే ఉంటారు. అందుకే ఆ వారమంతా స్టాఫ్‌రూమ్ ముందు ఒకటే రద్దీ. "అమ్మా, ఈసారైనా మమ్మల్ని సముద్రం వైపు వెయ్యండి, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలేవాళ్లే అందరూ. ఒకసారి క్లాసు తొందరపడి ఊహించి టిక్కు పెట్టేస్తే, హెడ్మాస్టరుగారు ఈత టైరు నడుముకి తగిలించుకుని సెలవులన్నీ కొండ మీద కూర్చున్నారు. ఆయన ఇప్పటికీ ఆ క్లాసు మొహం చూడరు.

భర్త పోయినప్పటినుంచి టీచరు తనని కూడా గళ్లలో వేసుకుంటోంది, ఇంట్లోనే తేలేలాగా. అలా తేలితే ఎవరూ రమ్మని పిలవరు. పలకరించినవాళ్లతో "బాగానే ఉన్నాను" అంటుంది. అది అబద్ధం కూడా కాదు, బాగోలేదన్న సంగతే ఆవిడకి తెలియడం లేదు పాపం.

ఈసారి నలుగురు: దర్జీ, నర్సు, లారీ డ్రైవరు, టీచరు. చోట్లు కొండ, సముద్రం, ఇల్లు, లారీ. సెలవులని సరుకు ఆగదు కదా, ఎవరో ఒకరు తోలాల్సిందే. టీచరు కిటికీలోంచి చూస్తూ ఆధారాలు రాసేసి కూర్చుంది. దర్జీ కొండెక్కాడు, నర్సు సముద్రానికి పోయింది. అక్కడ సుద్దముక్క ఆగిపోయింది.

"టీచర్, రెండు జవాబులు వస్తున్నాయి" అంది బోర్డు దగ్గరున్న పిల్ల. లారీ డ్రైవరు కూతురే. "మీరు ఇంట్లో ఉన్నా కుదురుతోంది, లారీలో ఉన్నా కుదురుతోంది."

క్లాసు గొల్లుమంది. టీచరు చూసుకుంది. నిజమే, "డ్రైవరు ఇంట్లో లేడు" అన్న ముక్క రాయడం మర్చిపోయింది. లేచి సుద్ద అందుకుంది.

పిల్ల అడ్డుపడలేదు. మెల్లిగా అంది, "పోయినసారీ మా నాన్న లారీలోనే తేలాడు టీచర్. సెలవుల్లో తప్ప ఇంటికి రావడం కుదరదు. తమ్ముడు పుట్టాడు, నాన్న ఇంకా చూడనేలేదు. వాడికి పళ్లు కూడా వచ్చేస్తున్నాయి."

టీచరుకి జాలి వెయ్యలేదు. వెయ్యాలని మాత్రం తెలుసు. మూసేసిన కిటికీల మధ్య తను కూర్చోవడం కోసం ఇంకో ఇంట్లో తండ్రి లేకుండా చెయ్యడమెందుకు అనుకుంది. "టీచరు ఇంట్లో లేదు" అని రాసింది.

"మీకు లారీ తోలడం వచ్చా టీచర్?" వెనకబెంచీలోంచి ఎవడో అరిచాడు.

"సైకిలే రాదురా. నువ్వు టిక్కు పెట్టమ్మా."

సెలవుల మొదటి పొద్దున లారీ ఆవిడ గుమ్మం ముందు ఇంజను ఆడిస్తూ నిలబడింది. సీట్లో ఎవరూ లేరు. "త్వరగా బయల్దేరండమ్మా, ఎండెక్కితే కష్టం" అన్నాడు పాలవాడు. ఆవిడ ఎక్కింది. కాళ్లూ చేతులూ వాటి పని అవే చేసుకుపోయాయి. ఊరు దాటినా ఆవిడకి ఏమీ అనిపించలేదు.

మలుపులో బస్సు ఎదురొచ్చింది. అప్పుడు భయమేసింది. చచ్చిపోతానేమోనని నిజంగా, కడుపులోంచి భయం. "అయ్యబాబోయ్!" అని బ్రేకు తొక్కింది. రెండు బళ్లూ ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా ఆగాయి.

బస్సు డ్రైవరు తల బయటపెట్టి కేకలేశాడు. "ఏమ్మా, ఇంట్లో చెప్పొచ్చావా?"

"ఇంట్లో ఎవరూ లేరయ్యా!" అని అరిచింది టీచరు. "ఆయన పోయాడు!"

ఆ మాట అంతవరకు ఎవరితోనూ అనలేదు. అనేసి, స్టీరింగు పట్టుకుని బావురుమంది. రోడ్డు మీద బళ్లన్నీ హారన్లు మానేసి, ఆవిడ ఏడ్చినంతసేపూ అలాగే ఆగాయి.