కదలని మెడ

కంప్యూటర్ తెర మీద నుంచి చూపు తిప్పకుండానే రాయ్నా చెయ్యి చాచి కిటికీ పరదా లాగింది. ఆస్పత్రి తోటలో ఎండ కాచుకుంటున్నవాళ్లకు రోగుల పేర్లు కనపడకూడదు. మంచినీళ్లకు లేచినా తెర ఆర్పేస్తుంది, రికార్డుల గది తలుపు మూసేస్తుంది. ఇవాళ ఉద్యోగంలో ఆఖరి రోజు. అంతమాత్రాన అలవాటు మారాలా?

పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. నీలం ఉన్ని కోటుకు మోచేతుల దగ్గర పసుపు ఊలు మాసికలు. మెడ మాత్రం కవాతులో సిపాయిదే. ఎముకల జబ్బేమోనని డాక్టర్లే అనుకున్నారు. జబ్బు కాదు. డాన్యూబ్ నది ఒడ్డున ఈ చిన్న ఊళ్లో తల అటూ ఇటూ ఊపితే అవును, పైకి ఎగరేస్తే కాదు. రొట్టెల కొట్టులో ఎవరైనా "ఫలానావాడికి గుండెజబ్బటగా?" అంటే నోరు మూసుకోవడం తేలికే, మెడే ఊరుకోదు. అందుకని దాన్ని గుర్రంపిల్లలా మాలిమి చేసుకుంది.

అక్క వెలికా వేడివేడి బానిత్సా పళ్లెంతో కౌంటరు కిటికీ దగ్గరకు వచ్చింది. పొరల మధ్య కరిగిన జున్ను వాసన కిటికీ దాటి లోపలికొచ్చింది.

"ఆఖరి రోజని చేశానే. ఉల్లిపాయ వెయ్యలేదు, నీకు పడదుగా."

"ఏం కావాలక్కా?"

"ఏం లేదు. మా అబ్బాయి ఎమిల్ చేసుకుంటానంటున్న ఆ బిలియానా, పోయిన చలికాలమంతా ఇక్కడే పడుందిగా. ఎందుకో చెప్పు చాలు."

రాయ్నా పెన్నుకు మూత పెట్టింది.

"పోనీ నోరు తెరవకు. నేనడుగుతా, నువ్వు తలూపు. ఊపిరితిత్తులా?"

మెడ కదలలేదు.

"రక్తమా? బుర్రా?"

"నీ ఫైలూ ఈ గదిలోనే ఉందక్కా. అందులో ఏముందో మీ వీధిలో ఎవరికైనా తెలుసా?"

వెలికా గబుక్కున వెనక్కి చూసింది. "అది వేరు. తోడబుట్టినదాన్ని అడుగుతున్నా. చెప్పకపోతే ఆదివారం భోజనానికి నా గుమ్మం తొక్కకు."

భర్త పోయాక రాయ్నాకు ఆ ఆదివారాలే పండగలు. రేపటి నుంచి ఉద్యోగమూ లేదు.

"అయితే ఆదివారం గుడ్డు ఉడకబెట్టుకుంటా" అంది.

వెలికా పళ్లెం అక్కడే వదిలేసి విసవిసా వెళ్లిపోయింది. పని అడిగి పెట్టిన తిండి రాయ్నా ముట్టదు. బానిత్సా వార్డుబాయ్‌ల గదికి పంపేసి, పళ్లెం కడిగి లోపల గూట్లో పెట్టింది. ఖాళీ పళ్లెం తిప్పి పంపకూడదని అమ్మ అనేది. సొరుగులో ఉన్న పెరటి అక్రోట్లు అందులో పోసింది.

మధ్యాహ్నం బిలియానానే వచ్చింది. తన రికార్డు నకలు కావాలట.

"గుర్తింపు కార్డు చూపించు."

"నేనెవరో తెలీదా పిన్నీ? చిన్నప్పుడు నన్నెత్తుకున్నారు."

"ఎత్తుకున్నా. కార్డు చూపించు."

నవ్వుతూ చూపించింది. నకలు చేతికొచ్చాక అడిగింది: "ఇది కాబోయే అత్తగారికి చూపించమంటారా?"

"అది నీది. చూపిస్తావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం."

"ఎమిల్‌కి మొదట్నుంచీ తెలుసు. వార్డుకి రోజూ సూప్ తెచ్చేవాడు. మీ అక్క వండిందే పిన్నీ. పనిలో తింటానని చెప్పి పట్టుకొచ్చేవాడు." కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "ఆవిడకి నేనే చెప్పుకుంటాలెండి, ఆదివారం."

రాయ్నాకు పొట్ట ఊగేంత నవ్వొచ్చింది. మెడ మాత్రం కదలలేదు.

సాయంత్రం గది మూసి, తలుపు తెరిచే కార్డును, కంప్యూటర్లు చూసే ప్లామెన్ చేతికిచ్చింది.

"మీ పాస్‌వర్డ్ సోమవారం తీసేస్తాలెండి. కొత్తమ్మాయికి ఏదైనా తెలియకపోతే..."

"నేర్చుకుంటుంది. ఇప్పుడే తియ్యి బాబూ."

అతను వసారాలోనే నిలబడి ఫోన్లోంచే తీసేశాడు. ఆమె పేరు తెర మీద బూడిదరంగుకు తిరిగింది. కోటు బొత్తాలు పెట్టుకుంటుంటే అప్పుడు గుర్తొచ్చింది.

"అయ్యో, పళ్లెం."

ప్లామెన్ కార్డు ఎత్తాడు. "ఒక్క నిమిషం తెరుస్తా."

"వద్దు. ఆ గదిలోకి నీకు అనుమతి లేదు. ఇవాళ పళ్లెం కోసం తెరిస్తే రేపు ఇంకొకడు గొడుగు కోసం తెరుస్తాడు."

"మీక్కూడానా అండీ?"

"నేనూ బయటిదాన్నే ఇప్పుడు. సోమవారం మా అక్క వస్తే కొత్తమ్మాయిని ఇమ్మను. గుర్తింపు కార్డు చూసే ఇమ్మను."

మెట్లు దిగి, నది వైపు రోడ్డెక్కింది. ఎదురొచ్చిన మందులషాపాయన "అయిపోయిందా రాయ్నా గారూ?" అనడిగితే, మొదటిసారి తల నిండుగా అటూ ఇటూ ఊపింది.

మూసిన గదిలో, పరదా సందు నుంచి పడే వెలుతురులో, అంచు సొట్టపోయిన అమ్మ కాలంనాటి పళ్లెం, నిండా అక్రోట్లతో.