జరీదా ఆఖరి పేజీ

హుకుం చదివేటప్పుడు నిలబడాలి. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో జకర్యా ఈ పద్ధతి తప్పలేదు. నిజాం సర్కారు విద్యాశాఖలో చేరిన వారంలోనే దీన్ని నేర్చుకున్నాడు. సర్కారు గెజెట్‌ను జరీదా అనేవారు. జరీదా వస్తే హెడ్మాస్టరు లేచి నిలబడి చదివేవాడు. పంతుళ్లు నిలబడి వినేవారు. ఆ గంటలోనే అమలు మొదలయ్యేది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, సర్కారు మారింది, బడిలో ఉర్దూ స్థానంలో తెలుగు వచ్చింది. జకర్యా నిలబడటం మాత్రం మారలేదు.

1952 జూలైలో ఒక ఉదయం, సికింద్రాబాదు మారేడ్‌పల్లిలో అతను హెడ్మాస్టరుగా ఉన్న సర్కారు ప్రాథమిక పాఠశాలకు జరీదా వచ్చింది. అతను నిలబడ్డాడు. ఇద్దరు పంతుళ్లు, టీచరు ప్రేమమణి కూడా నిలబడ్డారు. అసెంబ్లీలో పెట్టిన ప్రాథమిక విద్య బిల్లు అందులో అచ్చయింది. ఏడో క్లాజు ఇలా ఉంది: తొమ్మిదేళ్లు నిండిన వారిని ఒకటో తరగతిలో ఉంచరాదు.

జకర్యా అక్కడ ఆపాడు. జరీదా మడిచి బల్ల మీద పెట్టాడు. హాజరుపట్టీ, ఎర్ర సిరా తెప్పించుకున్నాడు. ఒకటో తరగతిలో తొమ్మిది దాటిన పిల్లలు పదకొండు మంది తేలారు. పోలీసు చర్యకు ముందు ఏడాదిలో నల్గొండ, వరంగల్ వైపు ఊళ్లు వదిలి వచ్చినవాళ్ల పిల్లలే ఎక్కువ. ఊళ్లో బడి మూతపడింది, ఇక్కడ చేర్చడానికి వాళ్లకు నాలుగేళ్లు పట్టింది. పై తరగతిలో వేయాలంటే కింది తరగతి సర్టిఫికెట్ కావాలి. అది ఎవరి దగ్గరా లేదు. జకర్యా పదకొండు పేర్ల మీద పదకొండు గీతలు గీశాడు. ఒక్కో గీత పక్కన తేదీ వేసి, జరీదా ప్రకారం అని రాసి, సంతకం పెట్టాడు.

తరువాత తరగతిలోకి వెళ్లి ఆ పేర్లు చదివాడు.

యాదమ్మకు పదేళ్లు. చేరి నెల అయింది. గుణింతాల్లో ఉంది. పలక సంకలో పెట్టుకుని వచ్చి, "రేపు రావాల్నా సార్?" అని అడిగింది.

"వద్దు బిడ్డా," అన్నాడు జకర్యా.

మర్నాడు బడి గంట కొట్టకముందే యాదమ్మ తల్లి లచ్చమ్మ వచ్చింది. ఆమె బేగంపేట విమానాల మైదానంలో గడ్డి కోసే పనిలో ఉంది. కొడవలి గోడ బయట పెట్టి లోపలికి వచ్చింది. ప్రేమమణి ఆ గదిలోనే సుద్దముక్కలు లెక్కపెడుతోంది.

"సారూ, నా బిడ్డ ఏం తప్పు చేసింది?"

"తప్పేం లేదు లచ్చమ్మా. వయసు ఎక్కువైంది. హుకుం అయింది."

"హుకుమా." లచ్చమ్మ మరి వాదించలేదు. వెనక్కి తిరిగి గుమ్మం దాకా పోయింది. అక్కడ ఆగింది. "ఎవరిచ్చిండ్రు సారూ?"

"అసెంబ్లీ."

"అసెంబ్లంటే, మొన్న చలికాలంల మేం పెట్టెలల్ల కాయితం ఏసినోళ్లేనా?"

"వాళ్లే."

"మరి మమ్మల్ని ఒక్క మాట అడగకపాయిరి." కొడవలి తీసుకుని వెళ్లిపోయింది.

ప్రేమమణిది మద్రాసు రాష్ట్రంలోని గుంటూరు. మిషన్ ట్రైనింగ్ పూర్తి చేసి, పెళ్లయ్యాక సికింద్రాబాదు వచ్చింది. లచ్చమ్మ వెళ్లాక సుద్దముక్కల డబ్బా పక్కన పెట్టి జరీదా అందుకుంది. జకర్యా మడిచిన చోటు నుంచి చివరి దాకా చదివింది.

"సార్, అడుగుతున్నారండి."

"ఎవరు?"

"అసెంబ్లీవాళ్లు. ఇది ముసాయిదా అండి. ఇంకా చట్టం కాలేదు. ఆఖరి పేజీ చూడండి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే రెండు నెలల్లో రాయమన్నారు."

జకర్యా లేచి నిలబడి ఆఖరి పేజీ చదివాడు. రెండోసారి చదివాడు. కూర్చున్నాడు.

"ఇరవై ఆరేండ్లల్ల జరీదా నన్ను ఏదీ అడగలే, ప్రేమమణీ. అడుగుతదని నాకెట్ల ఎరుక?"

"మా వైపు బిల్లు వేరు, చట్టం వేరు సార్."

"మీ మద్రాసోళ్లకు అన్నీ వేరే. ఇడ్లీ వేరు, సాంబారు వేరు." అలవాటు కొద్దీ అన్నాడు. నవ్వలేదు.

"ఇంకోటుందండి. తొమ్మిదో క్లాజు." ప్రేమమణి వేలు పెట్టి చూపించింది. చట్టం అమల్లోకి వచ్చే రోజున హాజరుపట్టీలో పేరున్నవారికి ఏడో క్లాజు వర్తించదు.

ఆ పదకొండు మందిని బిల్లు బడిలోనే ఉంచింది. బయటకు పంపింది జకర్యా.

పేర్లు మళ్లీ రాయడానికి దారి లేదు. కొట్టేసిన పేరును వచ్చే జూన్‌లో తప్ప ఎక్కించకూడదని శాఖ నియమం. బిల్లు జనవరికల్లా చట్టమవుతుందని అంటున్నారు. జనవరి ఒకటిన పట్టీలో పేరు లేకపోతే, జూన్‌లో వెళ్లినా యాదమ్మ ఒకటో తరగతికి పనికిరాదు. పై తరగతికీ పనికిరాదు. ఆమెకు బడి ఇంతటితో సరి.

"కొత్త పట్టీ రాద్దాం సార్," అంది ప్రేమమణి. "పాతది చెదలు తిన్నదని చెబుదాం. ఎవరు చూడొచ్చారు?"

"చెదలు తినలే కదా."

"పిల్లల కోసం అండి."

"చదవకుండ ఒక తప్పు చేసిన. చదివి ఇంకోటి చేయమంటవా?"

ఆ సాయంత్రం జకర్యా అర్జీ మొదలుపెట్టాడు. ముందు ఉర్దూలో రాశాడు. పాత పద్ధతిలో తనను తాను సేవకుడని పిలుచుకోవడానికీ, ఏలినవారిని పొగడటానికీ ఒక పేజీ సరిపోయింది. విషయం దగ్గరికి రాకముందే కాగితం అయిపోయింది. ప్రేమమణి చదివి, "ఇందులో పిల్లలెక్కడున్నారండి?" అంది. అతను చింపేసి తెలుగులో నాలుగు వాక్యాలు రాశాడు. నేను మారేడ్‌పల్లి బడి హెడ్మాస్టరును. ముసాయిదాను హుకుం అనుకుని పదకొండు మంది పేర్లు కొట్టేశాను. తప్పు నాది. తొమ్మిదో క్లాజులో తేదీని ముసాయిదా అచ్చయిన రోజుకు మారిస్తే ఆ తప్పు పిల్లలకు అంటదు.

జవాబు అక్టోబరులో వచ్చింది. బిల్లును పరిశీలించే కమిటీ ముందు హాజరుపట్టీతో హాజరు కావలెనని ఉంది. జకర్యా ఆ రోజుకు సెలవు పెట్టాడు. బీరువా తాళాలు ప్రేమమణికి ఇచ్చాడు.

"సాయంత్రం వచ్చి తీసుకుంటారు కదండీ," అంది ఆమె.

"పిలిచినోళ్లు తిరిగి పంపితే."

సంగతి తెలిసి లచ్చమ్మ కూడా బయల్దేరింది. జకర్యా వద్దన్నాడు. అక్కడ పెద్దపెద్దవాళ్లుంటారని చెప్పాడు.

"ఉండనీయున్రి. పేరు నా బిడ్డది. మూణ్నెల్ల నుంచి నాతోని గడ్డి కోస్తుంది. అక్షరాలు మర్చిపోతున్ననే అమ్మా అని ఏడుస్తుంది. మీరొక్కరు పోతే ఏం చెప్తరో ఏమో, మళ్లా సగమే చదివొస్తరు."

జకర్యా హాజరుపట్టీ సంకలో పెట్టుకున్నాడు. ఇద్దరూ బస్సెక్కారు.

అసెంబ్లీ భవనం బాగే ఆమ్ తోటలో ఉంది. మెట్ల దగ్గర లచ్చమ్మ ఆగి తల ఎత్తింది. గోపురాలు చూసింది. "గిది నిజాందేనా?" అని అడిగింది. ఒకప్పుడు అని చెప్పాడు జకర్యా. కమిటీ గది బయట ఆమె చెప్పులు విడిచింది. అది చూసి జకర్యా తన బూట్లు విప్పబోయాడు. అటెండరు ఆపాడు.

గదిలో పొడుగాటి బల్ల. చుట్టూ తొమ్మిది మంది. అధ్యక్షుడు ఉర్దూలో మాట్లాడుతున్నాడు. ఔరంగాబాదు వైపు సభ్యుడు మరాఠీలో అడ్డొస్తున్నాడు. రాయచూరు వైపు సభ్యుడు కన్నడంలో ఏదో అన్నాడు. కరీంనగర్ వైపు సభ్యుడు దాన్ని తెలుగులో ఎగతాళి చేశాడు. ఎవరూ ఎవరికీ లొంగడం లేదు. ఎవరినీ బయటకు పంపడం లేదు. సదాశివ అనే గుమాస్తా చివరన కూర్చుని అన్నీ రాసుకుంటున్నాడు. సర్కారు అంటే ఒక గొంతు అని జకర్యా ఇన్నాళ్లు అనుకున్నాడు. ఇక్కడ తొమ్మిది ఉన్నాయి.

"తష్రీఫ్ రఖియే," అని అధ్యక్షుడు కుర్చీ చూపించాడు.

అధికారి ముందు జకర్యా ఎప్పుడూ కూర్చోలేదు. కుర్చీ అంచు మీద ఒదిగాడు. లచ్చమ్మ గోడ వారన నేల మీద కూర్చుంది. కరీంనగర్ సభ్యుడు లేచి, కుర్చీ ఒకటి తనే ఈడ్చుకొచ్చి ఆమె పక్కన వేశాడు.

"పైన కూసో అక్కా. ఈ కుర్చీలు మావి కావు, మీయే."

ఆమె కూర్చుంది. కాళ్లు నేలకు అందలేదు.

సదాశివ అర్జీ చదివాడు. ముసాయిదాను హుకుం అనుకున్న చోట ఇద్దరు నవ్వారు.

"చదువు చెప్పేటోనివి," అన్నాడు కరీంనగర్ సభ్యుడు. "ఆఖరి పేజీ చదవలేదా పంతులూ?"

"చదవలేదు సార్. ఏడో క్లాజు దగ్గర హుకుం అయిపోయిందనుకున్న."

"మేం హుకుంలు ఇచ్చేటట్టు కనవడుతున్నమా?"

జకర్యా వాళ్లను చూశాడు. ఒకరి చొక్కా మోచేతి దగ్గర చిరిగి ఉంది. "లేదు సార్," అన్నాడు.

ఈసారి అందరూ నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. ఇలాంటివి ఇంకా వచ్చాయా అని గుమాస్తాను అడిగాడు. సదాశివ ఫైలు తిప్పి మూడు కాగితాలు తీశాడు. పర్భణి నుంచి ఒకటి, రాయచూరు వైపు నుంచి రెండు. ఆ హెడ్మాస్టర్లూ జరీదా చూసిన రోజే పేర్లు కొట్టేశారు. రాయనివాళ్లు ఎంతమందో తెలియదని సదాశివ అన్నాడు.

ఔరంగాబాదు సభ్యుడు ఒప్పుకోలేదు. తేదీ వెనక్కి జరిపితే రేపు ప్రతివాడూ మా పిల్ల పేరు కొట్టేశారని వస్తాడు, రుజువేమిటి అన్నాడు. జకర్యా హాజరుపట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు. పట్టీ చేతులు మారుతూ తిరిగింది. పదకొండు గీతలు, పదకొండు తేదీలు, పదకొండు సంతకాలు. ఔరంగాబాదు సభ్యుడు కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"గిట్ల తన మీద తానే సాక్ష్యం తెచ్చినోణ్ని మొదటిసారి చూస్తున్న," అన్నాడు కరీంనగర్ సభ్యుడు.

శాఖ మిమ్మల్ని సంజాయిషీ అడగవచ్చని అధ్యక్షుడు జకర్యాతో అన్నాడు. అడగనివ్వండి అన్నాడు జకర్యా. అధ్యక్షుడు లచ్చమ్మ వైపు తిరిగి, ఆమె ఏమైనా చెబుతుందా అని అడిగాడు. కరీంనగర్ సభ్యుడు ఆ ప్రశ్నను తెలుగులో చెప్పాడు.

లచ్చమ్మ కుర్చీ దిగి నిలబడింది. "మా ఊళ్లె దొర చెప్తే అయిపాయె. ఆయిన తప్పు చెప్పినా అయిపాయె. దిద్దేటోడు లేకుండె. మీరు కాయితం మీద రాసిండ్రు. కాయితం మీద రాసింది దిద్దొచ్చని టీచరమ్మ అన్నది. అయితదా, కాదా? గది చెప్పున్రి, పోతా."

మాట మిగతా మూడు భాషల్లోకి మారడానికి కొంత సమయం పట్టింది. ఆ తరువాత వాదన జరిగింది, అరగంట. లచ్చమ్మకు అందులో సగం అర్థం కాలేదు. చివర అధ్యక్షుడు ముసాయిదాను ముందుకు జరుపుకున్నాడు. పెన్సిలు తీసుకుని తొమ్మిదో క్లాజులో నాలుగు మాటలు కొట్టేశాడు. పైన ముసాయిదా అచ్చయిన రోజున అని రాసి, అప్పటి నుంచి కొట్టేసిన పేర్లను జూన్ దాకా ఆగకుండా ఎక్కించాలని చేర్చాడు. బల్ల చుట్టూ పంపాడు. తొమ్మిది మందిలో ఏడుగురు పొట్టి సంతకం చేశారు.

లచ్చమ్మ మెడ చాచి చూసింది. అచ్చులో ఉన్న మాట మీద గీత పడింది. గీసినవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు.

"అయిపాయెనా?" అని అడిగింది బయటకు వచ్చాక.

"ఇంకా కాలేదు. సభ ఒప్పుకోవాలె," అన్నాడు జకర్యా. ఈసారి అతను కాగితం చివరి దాకా చదివాడు.

సభ డిసెంబరులో ఒప్పుకుంది. ఆ రోజు లచ్చమ్మ పని మానేసింది. యాదమ్మ ఇంట్లో తమ్ముడి దగ్గర ఉండిపోయింది. జకర్యా పాసులు సంపాదించాడు. ఇద్దరూ పైన చూసేవాళ్ల గ్యాలరీలో ముందు వరుసలో కూర్చున్నారు. కింద వందకు పైగా మనుషులు. టోపీలు, తలపాగాలు, షేర్వానీలు, ధోవతులు. మంత్రులూ ఉన్నారు. వాళ్లలో ఎవరిదో ఒక గొంతు లేస్తోంది, ఇంకో గొంతు దాన్ని నిలవేస్తోంది, స్పీకరు బల్ల చరుస్తున్నాడు. కమిటీ మార్చిన ప్రకారం తొమ్మిదో క్లాజు అని స్పీకరు చదివాడు. ఔనన్నవారు చేతులెత్తమన్నాడు. చేతులు లేచాయి. లచ్చమ్మ ఇరవై దాకా లెక్కపెట్టింది. తరువాత లెక్క రాలేదు. మంత్రుల చేతులూ లేచాయి. కాదన్నవారి చేతులు కూడా లేచాయి, అవి తక్కువ. ఒక నిమిషం పట్టింది.

"మన క్లాజు అయిపోయింది," అన్నాడు జకర్యా మెల్లగా. "జనవరిల చట్టం అమలుకు రాంగనే యాదమ్మను పంపు. పేరు నేను రాస్తా."

లచ్చమ్మ కిందికే చూస్తోంది. "నా బిడ్డ పేరు చదవలే?"

"పేర్లు చదవరు. పేరు చదవకుండనే అందరికీ తగులుతది."

"అందరికంటే?"

"మన పదకొండు మందికి. రాష్ట్రంల ఎక్కడెక్కడ కొట్టేసిండ్రో, వాళ్లందరికీ."

"గా పర్భణి పిల్లలకు సుత?"

"వాళ్లకు సుత."

"ఆళ్ల తల్లులకు ఎరుకేనా?"

"ఇంకా ఎరుక ఉండదు."

లచ్చమ్మ రెయిలింగు మీద రెండు చేతులూ పెట్టింది. కింద స్పీకరు పదో క్లాజు చదవడం మొదలుపెట్టాడు. జకర్యా లేచాడు. బస్సు వేళ అయిందన్నాడు.

"జెర ఆగున్రి సారూ," అంది ఆమె, అటు తిరగకుండానే. "ఇంకా ఎవరి పిల్లలదో చదువుతున్నరు."