బెంచీ మీద ఇద్దరు

యుమ్మా పాదాలకు నూనె రాస్తూ రాస్తూ రోషన్ బీ ఆగిపోయింది. చీలమండ పక్కన బొటనవేలితో నొక్కిన చోట గుంట పడి, ఎంతకీ పూడలేదు. రెండో కాలూ నొక్కి చూసింది. అదీ అంతే.

"నిన్న లేదే ఇది. ఏందమ్మా, రాత్రికి రాత్రి ఇంత వాపు?"

ముసలామెకు తెలుగు రాదు. అయినా దగ్గర ఎవరూ లేనప్పుడు రోషన్ బీ ఆమెతో తెలుగులోనే మాట్లాడుతుంది. యుమ్మా అంటే అమ్మ. కూతురు ఫౌజియా అలా పిలిస్తే విని, ఇంట్లో పనిచేసేవాళ్లూ అలాగే పిలుస్తారు.

"యల్లా, యల్లా," అంటూ యుమ్మా తలుపు వైపు చెయ్యి చాచింది. పద, పద అని. కిందటి ఏడాది వియన్నా నుంచి వచ్చినప్పటి నుంచీ ఆమెది ఇదే వరస. ఒకచోట కుదురుగా ఉండదు. చక్రాల కుర్చీలో గది గదికీ తిప్పాలి, గది గదిలోనూ ఆగాలి.

రోషన్ బీ తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత బీరువాలోంచి మందపాటి మేజోళ్లు తీసి ఆ పాదాలకు తొడిగింది. తొడిగాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, సరిగ్గానే ఉన్న దుప్పటిని మళ్లీ మడతపెట్టింది.

రేపు మాడ్రిడ్ ప్రయాణం. ఈ మధ్యాహ్నం డాక్టరు ఒకసారి చూసి సరేనంటే యుమ్మా వెళ్తుంది. యుమ్మా వెళ్తే రోషన్ బీ వెళ్తుంది. వీసా ఎప్పుడో వచ్చింది.

ఆ ఊళ్లు ఆమెకు గుర్తుండవు. గుర్తున్నది బెంచీ. వియన్నాలో ఫౌజియా మేడం పిల్లల్ని వెంటేసుకుని రోజుకొక మ్యూజియం చూపించింది. పెద్ద పెద్ద గదులు, నడిస్తే కిర్రుమనే చెక్క నేల, గోడల నిండా బంగారు చట్రాల బొమ్మలు. గది మధ్యలో తోలు బెంచీ. "రోషన్, నువ్వు అమ్మ దగ్గర ఇక్కడే కూర్చో, మేము చూసొస్తాం," అనేది మేడం. రోషన్ బీ కూర్చునేది. యుమ్మా కూడా కుర్చీలోంచి దిగుతానని మారాం చేసి ఆమె పక్కనే కూర్చునేది. పట్టపగలు, చేతిలో పని లేకుండా, యజమానురాలి పక్కన భుజానికి భుజం ఆనించి.

లక్కిరెడ్డిపల్లెలో పుట్టిన దగ్గర్నుంచీ అలా కూర్చున్న రోజు ఆమెకు గుర్తులేదు. చిన్నప్పుడు కళ్లాల్లో, పెళ్లయ్యాక టమోటా మండీలో, లారీ మీద పోయిన మొగుడు తిరిగి రాకపోయేసరికి కువైట్‌లో, ఆ తర్వాత ఇక్కడ సౌదీలో, ఖోబర్‌లో. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లూ నిలబడే చేసింది.

ఆ బెంచీకి ఎదురుగా ఒక బొమ్మ. వంటింట్లో ఒక ఆడమనిషి చేపలు తోముతూ ఉంటుంది. చేతులు ఎర్రగా, పైకి మడిచిన చొక్కాచేతులు, పక్కన పిల్లి. ఎవరో పిలిచినట్టు తల కొంచెం ఎత్తి చూస్తుంటుంది. "యా రాజు కట్టిన మేడలో నీ బొమ్మ పెట్టినారమ్మా," అనుకుంది రోషన్ బీ. ఆమెను చూడడానికే యుమ్మాను మూడుసార్లు అదే గదికి తిప్పింది. మాడ్రిడ్‌లో ఆమె ఉండదని తెలుసు. అయినా అలాంటి బెంచీ ఉంటుంది.

నాస్తా దగ్గర యుమ్మా రెండు ముద్దలు తిని మొహం తిప్పుకుంది. ఊపిరి ఎగబోస్తోంది. రోషన్ బీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది, మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. పెట్టెలు కిందికి దించడానికి వచ్చిన డ్రైవరు మహబూబ్ సుభాని ఆమెను చూసి నవ్వాడు. అతనిదీ రాయచోటి దగ్గరే.

"ఏందక్కా, కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతాండావు? రేపు విమానం కదా అనా?"

"సుబానీ, పెద్దామె కాళ్లు ఉబ్బినాయి రా."

"మేడంకు చెప్పినావా?"

సుభాని పెట్టె కింద పెట్టాడు.

"చెప్తే నీ ప్రయాణం పోతాది."

"అదే కదరా," అంది రోషన్ బీ. ఆ మాట బయటికి వచ్చి తన చెవిన పడింది. గిన్నె అక్కడే పెట్టి, మెట్లెక్కి, మేడం గది తలుపు తట్టింది.

క్లినిక్‌లో డాక్టరు మేజోళ్లు తీయించి చూశాడు, గుండె విన్నాడు. విమానం మాట ఎత్తవద్దన్నాడు. మందులు మార్చి, రెండు రోజుల్లో మళ్లీ తీసుకురమ్మన్నాడు. కారు ఎక్కాక ఫౌజియా ఆమె వైపు తిరిగింది.

"మేజోళ్లు ఎవరు తొడిగారు?"

"నేనే, మేడం."

"ఎందుకు?"

"నాకూ పోవాలనుండింది."

ఫౌజియా మొహం అద్దం వైపు తిప్పుకుంది. ఇల్లు దగ్గరపడ్డాక మెల్లగా అంది. "పిల్లలు ఏడాదంతా ఎదురుచూశారు. నేను వాళ్లను తీసుకెళ్తాను. అమ్మ దగ్గర నువ్వుండు. నువ్వుంటే నాకు భయం లేదు."

సాయంత్రం అసర్ నమాజు తర్వాత యుమ్మా మళ్లీ "యల్లా" అంది. రోషన్ బీ కుర్చీ తోసింది. హాల్లో వరసగా పెట్టిన పెట్టెల పక్కనుంచి, భోజనాల గదిలోంచి, చివరికి మజ్లిస్‌లోకి. బయటివాళ్లు వస్తే కూర్చోబెట్టే ఆ పెద్ద గదిలో గోడ పొడుగునా సోఫాలు. దుమ్ము దులపడానికి తప్ప రోషన్ బీ ఎప్పుడూ అందులోకి రాదు. కిటికీకి ఎదురుగా ఆపింది. వీధి అవతల ఒక పనివాడు పైపు పట్టుకుని ఖర్జూరపు చెట్టుకు నీళ్లు పడుతున్నాడు. యుమ్మా కళ్లు చిట్లించి చూసింది. తర్వాత పక్కనున్న సోఫా మీద అరచేత్తో తట్టింది.

"ఉక్‌ఉదీ," అంది. కూర్చో.

ఏడాదిగా పద పద అనడమే తప్ప ఆ నోట ఆ మాట రాలేదు. రోషన్ బీ తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. యుమ్మాను పొదివి లేపి సోఫాలోకి మార్చి, తానూ పక్కన కూర్చుంది. బల్ల మీది పళ్లెంలోంచి ఒక ఖర్జూరం తీసి ఇచ్చింది. యుమ్మా దాన్ని కొరికి చప్పరిస్తూ భుజం ఆనించింది.

"మనం పోకపోతే ఏమిలే. ఆయమ్మ ఆడ చేపలు తోముకుంటానే ఉంటాది," అంది రోషన్ బీ. "తోమీ తోమీ ఆ చేతులు ఎట్లుండాయో సూసినావా? పిల్లి మటుకు దొంగముండది..."

చెబుతూ చెబుతూ, తన భుజం మీది బరువు మారిందని ఆమెకు తెలిసింది. వెంటనే లేవలేదు. పైపు పట్టుకున్న పనివాడు నీళ్లు కట్టేసి వెళ్లిపోయేదాకా అలాగే కూర్చుంది. అప్పుడు యుమ్మా కళ్లు మూసి, ఆమె తల మెల్లగా దిండు మీదికి ఆనించి, మేడంను పిలిచింది.

ఇల్లు బంధువులతో నిండిపోయింది. సుభాని పెట్టెలన్నీ తిరిగి పైకి మోశాడు. యుమ్మాకు కడసారి స్నానం చేయించేటప్పుడు ఫౌజియా, "నువ్వూ రా," అని ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. రాత్రి ఇషా నమాజు తర్వాత మగవాళ్లు యుమ్మాను ఖబరస్తానుకు తీసుకుపోయారు. రేపటి నుంచి ఈ ఇంట్లో తన పనేమిటో ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు.

పరామర్శకు వచ్చేవాళ్ల కోసం మజ్లిస్ సర్దమన్నారు. రోషన్ బీ దీపం వేసి, దిండ్లు దులుపుతూ వచ్చి, కిటికీ దగ్గర ఆగింది. సోఫా చేతి మీద సగం కొరికిన ఖర్జూరం ఉంది, యుమ్మాకు మిగిలిన రెండు పళ్ల గుర్తులతో, ఇంకా జిగటగా.