హారన్ల మధ్య మారిన మందు

ఒళ్లు కాలిపోతున్న పాపను కార్లో వదిలి దిగలేక, ఆ తండ్రి ముందే ఫోన్ చేసి చెప్పిన మందు కోసం మందుల షాపు కిటికీ పక్కనే కారు ఆపాడు. వెనక హారన్ల మోత. షాపావిడ గబగబా పొట్లం అందించేసింది.

కారు వెళ్లాక చూస్తే పాప మందు బల్లమీదే ఉంది. వెళ్లినవి ఎవరో పెద్దాయన గుండె మాత్రలు! ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆవిడ అసలు మందు పట్టుకుని బయటికి పరుగెత్తింది.

ఇందాకటి నుంచీ హారన్ కొడుతున్న వెనక కారాయనే తలుపు తీసి, "ఎక్కమ్మా, పట్టుకుందాం" అన్నాడు.

సిగ్నల్ దగ్గర అందుకున్నారు. తండ్రి వెనక్కి తిరిగి పాప నోటికి మాత్ర అందిస్తున్నాడు.

"అన్నా, వెయ్యకు! అది పాపది కాదు!" అంటూ ఆవిడ అద్దం దబదబా బాదింది.

మాత్ర అతని చేతిలోంచి జారిపడింది.

"తొందరలో పేరడగలేదు. తప్పు నాదే," అంది ఆవిడ, అసలు మందు అతని చేతికిస్తూ.

"నేనూ చూసుకోలేదమ్మా," అంటూ అతను పాపను దగ్గరికి లాక్కున్నాడు.