మెట్లాయన ఫోల్డరు

కంప్యూటర్లను కలపడం నా పని. ఒకే ఇంట్లో ఉంటూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోని యంత్రాల చేత మాట్లాడించి, చేతులు దులుపుకుని వచ్చేస్తాను. మనుషుల జోలికి మాత్రం పోను. పోయిన ఒకటి రెండుసార్లూ చేతులు కాల్చుకున్నాను. ఆ రోజు కూడా వైర్లు, పాస్‌వర్డ్లు తప్ప మరేదీ పట్టించుకోకూడదని గట్టిగా అనుకునే వెళ్లాను.

నన్ను పిలిచినాయనకి చెక్కమెట్లు తయారుచేసే కార్ఖానా ఉంది. వీధిలో అందరూ ఆయన్ని మెట్లాయన అంటారు. డెబ్బై దాటాయి. మేడమీద గదిలో కూర్చుని మెట్ల నమూనాలు కంప్యూటర్లో గీస్తాడు. కింద గదిలో కోడలు. వచ్చినవాళ్లతో మాట్లాడేదీ, కలప తెప్పించేదీ ఆమే. కొడుకు బస్సు నడుపుతాడు, అతనికీ చెక్కకీ చుక్కెదురు. వెనక షెడ్డులో, గీసిన నమూనా ప్రకారం చెక్క కోసే పెద్ద మెషీన్ ఉంది.

"మా అమ్మాయి రోజుకి ఇరవైసార్లు పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎక్కి దిగుతోంది బాబూ. మోకాళ్లు ఏం కావాలి? నేనిక్కడ సేవ్ చేస్తే నేరుగా వెళ్లి మెషీన్లో పడాలి. అంతే," అన్నాడు మెట్లాయన. కోడల్ని అమ్మాయి అనే మామగారు కాబట్టి మంచివాడే అనుకున్నాను.

అంతే అనడం తేలిక. మేడమీద ఉన్నది పదేళ్ల నాటి విండోస్. కోడలి బల్ల మీద మ్యాక్. షెడ్డులో మెషీన్‌ని నడిపే పెట్టెలో లినక్స్. మూడూ ముగ్గురు తోడికోడళ్లు. పై కంప్యూటరు ఫైళ్లు పంచుకోవడానికి పాతకాలం పద్ధతిలో పిలుస్తుంది, అది భద్రం కాదని షెడ్డులోది తలుపు తియ్యదు. కోడలి మ్యాక్ ఏ ఫోల్డర్లోకి వెళ్లొచ్చినా కంటికి కనపడని చిన్న చిన్న ఫైళ్లు అక్కడ వదిలేసి వస్తుంది, టీ తాగిన గ్లాసు ఎక్కడ పడితే అక్కడ పెట్టేసే మనిషిలా. షెడ్డు మెషీన్ వాటిని కూడా నమూనాలే అనుకుని తెరవబోయి బిక్కమొహం వేస్తుంది. మ్యాక్ ఆ చిన్న ఫైళ్లు వదలకుండా ఆపి, మూడింటికీ మారని చిరునామాలు ఇచ్చి, ఎవరి పేరు, ఎవరి పాస్‌వర్డు వాళ్లకి మూడింట్లోనూ ఒకేలా పెట్టి, పైదాన్ని కొత్త పద్ధతికి మార్చేసరికి మధ్యాహ్నమైంది.

ఈలోగా కోడలు నా ప్రాణం తోడేసింది.

"అన్నయ్యా, ఇదంతా అవసరమా? పెన్‌డ్రైవ్‌తో బానే జరుగుతోంది కదా!"

"కరెంటు పోతే ఏం చేస్తారు? వైరస్ వస్తే?"

"పోనీ, వచ్చే నెల పెట్టుకుందామా?"

జవాబు చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. పని తగ్గిస్తానంటే వద్దనే మనిషిని మొదటిసారి చూస్తున్నాను. అప్పుడే ఒక సంగతి కనిపెట్టాను. మేడమీద నుంచి తెచ్చిన పెన్‌డ్రైవ్‌ని ఆమె నేరుగా షెడ్డుకి తీసుకెళ్లదు. తన కంప్యూటర్‌కి పెట్టుకుని పావుగంట కూర్చుంటుంది. ఆ తర్వాతే షెడ్డుకి.

"మధ్యలో దానికి టీలు, కాఫీలు ఇస్తున్నారా అమ్మా?" అన్నాను నవ్వుతూ.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె గభాలున అరచేతిని పెన్‌డ్రైవ్ మీద కప్పేసింది. ఆ తర్వాత లేచి, మేడమీది తలుపు మూసుందో లేదో చూసొచ్చి, తన స్క్రీన్ నా వైపు తిప్పింది. పక్కపక్కనే రెండు నమూనాలు.

"ఇది మామయ్యగారు పంపింది. ఇది నేను షెడ్డుకి పంపేది. పదిహేను మెట్లు. పధ్నాలుగు నూట ఎనభై మిల్లీమీటర్ల ఎత్తు, ఇదొక్కటీ నూట ముప్పై. ఆయనకి మూడుకీ ఎనిమిదికీ తేడా తెలీట్లేదు అన్నయ్యా. కళ్లద్దాలు మార్చినా అంతే."

"అయిదు సెంటీమీటర్లేగా?"

"ఏగా ఏంటి? రెండు మెట్లు ఎక్కేసరికి కాలు ఎత్తు నేర్చేసుకుంటుంది. ఇంక ఎవరూ కిందకి చూడరు. పసిపిల్లనెత్తుకున్న తల్లి దిగుతోందనుకోండి. పడితే?"

ఈ పాఠం కూడా మామగారిదేనట. స్కేలు పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ ఆయనే నేర్పాడట. రెండేళ్లుగా ఆయన తప్పులు దిద్దుతోంది. ఒక్కరికీ చెప్పలేదు, మొగుడికి కూడా.

"మెట్లే ఆయన ప్రాణం. మీ కళ్లు పోయాయి, ఇక లేవండని ఏ నోటితో చెప్పను?" అంటూ కళ్లు తుడుచుకుంది. "మీ పుణ్యముంటుంది, ఫైలు ముందు నా దగ్గరికి వచ్చేలా పెట్టండి. ఆయనకి మాత్రం నేరుగా మెషీన్‌కే వెళ్తున్నట్టు కనపడాలి."

అయిదు నిమిషాల పని. ఆమె కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరిచి, దానికి మెషీన్ అని పేరు పెడితే చాలు, మేడమీదాయనకి ఏమీ తెలియదు. కానీ నన్ను పిలిచింది ఆయన. పిలిచినవాడి కళ్లకే గంతలు కట్టడమా? కట్టకపోతే ఎవరి కాలో విరుగుతుంది. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. నాకు ఆమె మీద కోపం వచ్చింది, నవ్వుతూ ఆ మాట అడిగినందుకు నా మీద నాకు ఇంకా కోపం వచ్చింది. చూస్తానమ్మా అని మేడ ఎక్కాను.

మెట్లాయన కుర్చీ ఇటు తిప్పి నాకోసమే కూర్చున్నట్టున్నాడు.

"ఏమంది?" అన్నాడు.

"ఎవరండీ?"

"తలుపు వేసి కూర్చో."

కూర్చున్నాను.

"ఆరు నెలల కిందట ఒక ఇంటికి మెట్లు పంపాం. బిగించిన మూడోరోజు నా నమూనా మళ్లీ తీసి, భూతద్దం పెట్టి చూశా. పదకొండో మెట్టు నూట ముప్పై. గుండె ఆగినంత పనైంది. ఎవరికీ చెప్పకుండా ఆ ఇంటికి పరిగెత్తా. పైకెక్కి, కళ్లు మూసుకుని దిగడం మొదలెట్టా. పదకొండో మెట్టు దగ్గర తూలతానని రెయిలింగ్ గట్టిగా పట్టుకున్నా. తూల్లేదు బాబూ. టేపు పెట్టి కొలిచా. నూట ఎనభై. అప్పుడు తెలిసింది, నా మెట్లు ఎవరు కడుతున్నారో."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. కింద ఆమె దాస్తోందని తెలిసి, పైన ఈయన ఇంకా లోతుగా దాచాడు.

"మరి నేరుగా మెషీన్‌కి పెట్టమన్నారెందుకు?"

"అలాగంటే భయపడి తనే నోరు విప్పుతుందనుకున్నా. నాతో అనలేక నీ దగ్గర ఏడ్చినట్టుంది." ఆయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. "నేనైనా చెప్పొచ్చు. నాకూ నోరు రాలేదు. ఆ పెన్‌డ్రైవ్‌ని గుప్పిట్లో దాచుకుని దిగుతుంటే చూడలేకపోతున్నా. మంచి పని చేస్తూ దొంగలా నడవడమేంటి?"

తర్వాత ఏం కావాలో చెప్పాడు. రెండు ఫోల్డర్లు ఉండాలి, ఆయనదొకటి, ఆమెదొకటి. మెషీన్ ఆమె ఫోల్డర్నే చూడాలి. ఆయనదాన్లో ఆమె ఏదైనా మార్చుకోవచ్చు.

"ఆవిడ ఫోల్డర్లో మీకు?"

"చూడ్డానికి మాత్రమే. మనసాగక చెయ్యి పెట్టబోయినా పడకూడదు."

ఇన్నేళ్లలో ఎన్నో ఆఫీసుల్లో ఇలాంటి అనుమతులు పెట్టాను. నాకు ఎక్కువ కావాలంటే నాకు ఎక్కువ కావాలని కొట్టుకున్నవాళ్లే అందరూ. సొంత కార్ఖానాలో తన చెయ్యి తనే తీయించుకున్న మనిషిని అక్కడే చూశాను. పెట్టాక సరిచూడమన్నాడు. ఆమె ఫోల్డర్లో ఒక ఫైలు సేవ్ చేయబోయాడు. అనుమతి లేదని వచ్చింది. ముక్కు స్క్రీన్‌కి ఆనించి అక్షరం అక్షరం చదివి, "బావుంది," అన్నాడు.

కిందకి దిగేసరికి కోడలు గుమ్మంలోనే ఉంది.

"పెట్టారా? ఆయనకి తెలీదుగా?"

నేను నోరు తెరిచేలోపు ఆమె కంప్యూటర్లో మామగారి ఫోల్డరు కదిలింది. కొత్త ఫైలు. ఆమె వెంటనే కూర్చుని తెరిచింది. మెట్లు, వాటి పక్కన రెయిలింగ్. ఆ రెయిలింగ్ వంపు చూస్తే చెయ్యి వేసి దిగాలనిపించింది. అలాంటి వంపు గీయడానికి కళ్లు కాదు, యాభై ఏళ్ల చెయ్యి కావాలి. కానీ ఎత్తు, వెడల్పు, మెట్ల సంఖ్య రాయాల్సిన గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి.

"అన్నయ్యా, కొలతలు రాలేదు. మీ వైర్లో ఎక్కడో పోయాయి!"

"వైర్లో ఏమీ పోవమ్మా. ఆయనే వదిలేశారు."

ఆమె నా మొహం చూసింది, మేడ వైపు చూసింది, మళ్లీ ఆ ఖాళీ గళ్లు చూసింది. షెడ్డులోంచి మెషీన్ నడిపేవాడు "ఫైలొచ్చిందా అమ్మా?" అని కేకేశాడు. "కాసేపాగవయ్యా!" అని నేనే కసిరాను. ఆమె లేచి మెట్లెక్కింది. పెన్‌డ్రైవ్ బల్లమీదే ఉండిపోయింది.

కాసేపటికి పైనుంచి ఆమె గొంతు, జలుబు చేసినట్టు, "మెట్టుకి ఎంత పెట్టమంటారు మామయ్యగారూ?" అంది.

"నన్నడుగుతావేంటమ్మా," అన్నాడు మెట్లాయన. "నూట ఎనభై పెట్టమని నీకెవరూ చెప్పకుండానే పెట్టావుగా."